‘పడటం లేదు’ అంటే నేను విన్నది

చిప్స్ ప్యాకెట్టో కాఫీ పొడి ప్యాకెట్టో కత్తిరించి, ఆ అంచును గోటితో గీరి చూడండి. ఒకే రేకులా కనిపించేది నిజానికి రెండు మూడు పొరలు. వాటిని విడిపోకుండా పట్టి ఉంచేది కంటికి కనబడని జిగురు. ఆ జిగురు ఊడకుండా చూసుకోవడంలోనే నా ఉద్యోగ జీవితమంతా గడిచింది. రిటైరైనా బుద్ధి మారలేదు. ఇండియన్ స్టోర్‌కి వెళ్తే పప్పు ప్యాకెట్ల అంచులు గీరుతూ నిలబడతాను. “కొంటే కొనండి, లేకపోతే అక్కడ పెట్టేయండి, కౌంటర్లో అబ్బాయి మనల్నే చూస్తున్నాడు” అంటుంది మా ఆవిడ.

న్యూజెర్సీలో ఇలాంటి ప్యాకెట్ల రేకులు చేసే ప్లాంట్లలో కొత్తగా చేరిన మన పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంటారు. అంకుల్, రోలర్ వేడి ఎంత ఉండాలి, పొరలు ఎందుకు విడిపోతున్నాయి అని అడుగుతారు. అవన్నీ మాన్యువల్‌లో దొరుకుతాయి. దొరకనిది ఒకటుంది, అది చెప్పాలి. చెబితే నా పరువు కొంత పోతుంది. ఈ వయసులో దాన్ని దాచిపెట్టుకుని ఎవరికి వారసత్వంగా ఇస్తాను?

మాది పెద్ద ప్లాంట్ కాదు. జెర్సీ సిటీ నుంచి కార్‌లో వెళ్తే గోదాములూ ట్రక్కులూ తప్ప ఇంకేమీ కనబడని వీధిలో ఉండేది. పొరలు అతికించే ల్యామినేషన్ విభాగానికి నేను సూపర్‌వైజర్‌ని. నేను పని నేర్చుకున్న రోజుల్లో జిగురును సాల్వెంట్ అనే ఘాటైన ద్రావకంలో కలిపేవాళ్ళం. దాని వాసన గేటు దగ్గరే ముక్కుకు తగిలేది. మూత సరిగా పెట్టకపోతే ముక్కే చెప్పేది, ఫ్యాన్ ఆగితే ముక్కే చెప్పేది. నా ముక్కు మీద నాకు మహా గర్వం. కళ్ళు మూసుకుని లోపలికి వచ్చి ఏ డ్రమ్ము తెరిచి ఉందో చెప్పగలనని కుర్రాళ్ళ దగ్గర కోతలు కోసేవాణ్ణి.

తరవాత సాల్వెంట్ లేని కొత్త జిగురు వచ్చింది. రెండు డబ్బాల్లో వస్తుంది. రెంటినీ కలిపి, కాస్త వేడి చేసి, రోలర్ల మీద నడిపించాలి. వాసన దాదాపు ఉండదు. మంట అంటుకునే భయం లేదు. మేమందరం హమ్మయ్య అనుకున్నాం. కానీ ఆ రెండో డబ్బాలో ఉండేది ఐసోసైనేట్ అనే రసాయనం. వేడెక్కినప్పుడు దాని ఆవిరి లేస్తుంది, రోలర్లు వేగంగా తిరిగితే సన్నటి తుంపర లేస్తుంది. అది ఊపిరితిత్తుల్లోకి వెళ్ళినా, చర్మానికి పదేపదే అంటినా, కొందరి శరీరం దాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుంటుంది. ఒకసారి గుర్తుపెట్టుకుందంటే ఇక మరచిపోదు. ఆ తరవాత రవ్వంత తగిలినా ఉబ్బసం పట్టుకుంటుంది. ముక్కుకు తెలిసేంత వాసన వచ్చిందంటే అప్పటికే మోతాదు మించిపోయిందన్నమాట. ట్రైనింగ్‌లో ఇదంతా నాకు చెప్పారు. నేను తలూపాను, సంతకం పెట్టాను. లోపల మాత్రం, వాసన లేనిది ఏం చేస్తుందిలే అనుకున్నాను.

రోలర్ల మీద ఒక గొట్టం వేలాడుతూ ఉండేది, ఆ గాలిని లాగేసి బయటికి పంపడానికి. ఫిల్మ్ ఎక్కించేటప్పుడు అది తలకి తగిలి విసిగిస్తోందని పక్కకు జరిపి తీగతో స్తంభానికి కట్టేశారు. ఎవరు కట్టారంటారా? కట్టింది ఒక హెల్పర్ కుర్రాడు. కట్టమన్నది నేను.

ఇక ఆ రోలర్ల దగ్గర పనిచేసిన మా చర్చి సిస్టర్ గురించి. మా తెలుగు చర్చి ఒక అమెరికన్ చర్చి వాళ్ళ హాలు అద్దెకు తీసుకుని, వాళ్ళ ఆరాధన అయిపోయాక ఆదివారం మధ్యాహ్నం నడిచేది. నేను అక్కడ పెద్దల్లో ఒకణ్ణి. ఆమె కుటుంబం నరసాపురం వైపు నుంచి వచ్చింది. భర్తకు గ్యాస్ స్టేషన్‌లో పని, పిల్లలిద్దరూ స్కూల్లో. ఆ జీతంతో ఇల్లు గడవడం కష్టంగా ఉందని, ఏదైనా పని చూడమని ఆమే అడిగింది. మా ప్లాంట్‌లో హెల్పర్‌గా నేనే చేర్పించాను. మెషిన్ ఆగినప్పుడల్లా జిగురు గట్టిపడక ముందే రోలర్లు తుడవాలి, అది ఆమె పని. చేతులు చురుకు. ఇంగ్లీషు తక్కువ. ఆ ఫ్లోర్‌లో తెలుగు తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి ఏం కావాలన్నా నా దగ్గరికే వచ్చేది.

ఆ లైన్ నడిపే ఆపరేటర్ ఈక్వడార్ నుంచి వచ్చినవాడు. గొంతు పెద్దది. రేడియో అంతకంటే పెద్దగా పెట్టేవాడు. ఆమె పేరును ఎన్నడూ సరిగ్గా పలకలేదు. తన లైన్ మీద ఏ వస్తువు ఎక్కడుండాలో తానే చెప్పేవాడు, మిగతావాళ్ళ మీద అరిచేవాడు కూడా.

చేరిన కొన్ని నెలలకి, చలికాలం మొదలవుతున్నప్పుడు, ఒక సాయంత్రం షిఫ్టు అయ్యాక ఆమె నా టేబుల్ దగ్గరికి వచ్చింది. కాసేపు నిలబడి అంది.

“బ్రదర్, ఆ లైన్ దగ్గర నాకు పడటం లేదండి.”

ఆ మాట నేను ఎలా విన్నానో చెప్పాలంటే ఆ నెలలో నా తలలో ఏముందో చెప్పాలి. మా చర్చి క్వయర్‌లో అప్పుడు రెండు వర్గాలు. కీబోర్డు వాయించే బ్రదర్‌కీ పాటలు ఎంచే సిస్టర్‌కీ పడటం లేదు. వాళ్ళిద్దరినీ కలపమని పాస్టర్ గారు ఆ పని నా మీద పెట్టారు. వారానికి రెండు మూడు ఫోన్లు, అందరి నోటా అదే మాట. ఆయనతో పడటం లేదు, ఆవిడతో పడటం లేదు. అలా తయారైన చెవితో నేను ఈమె మాట విన్నాను. ఆపరేటర్‌తో తగాదా వచ్చిందనుకున్నాను.

మన భాషలో ఆ మాటకు ఇంకో అర్థం ఉందని నాకు తెలియక కాదు. నాకు రొయ్యలు పడవు. మా ఆవిడకు పాలు పడవు. ఒంటికి సరిపడకపోయినా పడటం లేదనే అంటాం. ఏది పడటం లేదమ్మా అని ఒక్క ప్రశ్న వేసి ఉంటే సరిపోయేది. ఆ ప్రశ్న నేను వేయలేదు. సమాధానం నాకు ముందే తెలుసనుకున్నాను.

ఆమె ఏమనుకుందో తరవాత ఆమే చెప్పింది. సాయంత్రం ఇంటికి వెళ్ళాక గొంతులో దురద, ఛాతీ బిగుసుకుపోవడం, దగ్గు. అంత పెద్ద మాటగా చెబితే పని తప్పిస్తారేమోనని భయం. అందుకని చిన్న మాట వాడింది. బ్రదర్ ఆ మెషిన్లతోనే తల నెరిసినవాడు, అర్థం చేసుకుంటాడులే అనుకుంది.

మర్నాడు నేను చేసిన ఘనకార్యం వినండి. ఇద్దరినీ బ్రేక్ రూమ్‌కి పిలిచాను. కలిసి పనిచేసేవాళ్ళ మధ్య మనస్పర్థలు మామూలేనని ఇంగ్లీషులో, ఎవరో ఒకరు ముందు చెయ్యి చాచాలని తెలుగులో చెప్పాను. షేక్ హ్యాండ్ ఇచ్చుకోమన్నాను. ఆపరేటర్ ఆమె వైపు చూశాడు, ఆమె నా వైపు చూసింది. ఇద్దరూ చేతులు కలిపారు. వాడు బయటికి వెళ్తూ, ఇవాళ మీ ఇండియన్ల పండగ ఏదైనా ఉందా అని నన్నడిగాడు. నేను నవ్వి వాడి భుజం తట్టాను. వాడు మాట దాటేస్తున్నాడనుకున్నాను.

ఆమె లెక్క వేరు. ఆ గాలి గొట్టం సంగతి చూడమని నేను ఆపరేటర్‌కి చెప్పాననీ, వాడు ఒప్పుకున్నాడనీ, ఆ షేక్ హ్యాండ్ అందుకేననీ అనుకుంది. అనుకుని ఎదురుచూసింది.

క్రిస్మస్ దాటాక మళ్ళీ వచ్చింది. ఇంకా పడటం లేదు బ్రదర్ అంది. నేను అప్పుడు ఏదో షిప్‌మెంట్ తొందరలో ఉన్నాను. తలెత్తకుండానే అన్నాను.

“అలవాటవుతుంది సిస్టర్. కొంచెం టైమ్ ఇవ్వండి.”

ఆ జిగురు విషయంలో ఇంతకంటే తప్పుడు మాట లేదు. అది శరీరానికి అలవాటయ్యేది కాదు. రోజు గడిచేకొద్దీ శరీరం దాన్ని మరింత గట్టిగా వద్దంటుంది. ఆమె మాత్రం ఆ మాట పట్టుకుని ఇంకొన్ని వారాలు ఓర్చుకుంది. సీనియర్ చెప్పాడు, చర్చి పెద్ద చెప్పాడు, అలవాటవుతుంది కాబోలు అని.

నన్ను నేను వెనకేసుకురావడానికి కాదుగానీ, ఇంకొక సంగతి నన్ను మోసం చేసింది. ఆమె క్వయర్‌లో పాడేది. ఆదివారం నాడు ఆమె గొంతు ఎప్పటిలాగే ఉండేది, పెద్ద పెద్ద చరణాలు ఒక్క ఊపిరిలో లాగేది. అది విని, ఆరోగ్యంగా ఉన్న మనిషి, మనసులోనే ఏదో కష్టం ఉంది అని నన్ను నేను సమాధానపరచుకునేవాణ్ణి. పనివల్ల వచ్చే ఉబ్బసం తీరే అంత. సెలవు రోజున తగ్గుతుంది, సోమవారం సాయంత్రానికి మళ్ళీ మొదలవుతుంది. వారంలో రెండు రోజులు బాగుండటమే జబ్బు ఎక్కణ్ణుంచి వస్తోందో చెప్పే గుర్తు. నేను దాన్ని తిరగేసి చదివాను.

చలికాలం చివర్లో ఒక పగలు, రోలర్లు తుడుస్తూ ఆమె నేల మీద కూర్చుండిపోయింది. నేను ఆఫీస్‌లోంచి వచ్చేసరికి ఆపరేటర్ ఆమెను రెండు చేతులా ఎత్తుకుని లోడింగ్ డాక్ వైపు పరుగెత్తుతున్నాడు. బయటి చలిగాలిలో కూర్చోబెట్టి, తన కోటు కప్పి, వీపు నిమురుతూ స్పానిష్‌లో ఏదో చెబుతున్నాడు. ఆమె పెదాలు నీలంగా ఉన్నాయి. ఊపిరి తీసుకుంటుంటే ఈల వేసినట్టు వినబడుతోంది. నేను సిస్టర్ సిస్టర్ అంటూ పక్కన నిలబడ్డాను. అంబులెన్స్‌కి ఫోన్ చేసింది కూడా నేను కాదు, డాక్ మీద ఉన్న ట్రక్ డ్రైవర్.

అంబులెన్స్‌లో వచ్చినవాళ్ళు ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉంది అని అడిగితే ఆపరేటరే జవాబు చెప్పాడు. ఎప్పుడూ దగ్గుతూనే ఉంటుంది, తలుపు దగ్గర కూర్చోమని తానే పంపుతుంటాడట, తన దుమ్ము మాస్కులు కూడా ఇచ్చాడట. ఆ కాగితం మాస్కులు ఆవిరిని ఆపవని పాపం వాడికీ తెలియదు. తెలియాల్సింది నాకు.

అంబులెన్స్ వెళ్ళిపోయాక నేను వాణ్ణి నెమ్మదిగా అడిగాను, మీ ఇద్దరికీ గొడవ కదా అని.

“గొడవేంటి? నాకు ఆ ఆకుపచ్చ పులుపు పచ్చడి తెచ్చి పెట్టేదే ఆవిడ” అన్నాడు వాడు తన ఇంగ్లీషులో.

గోంగూర పచ్చడి. వాడు దాన్ని రొట్టెలో చుట్టుకుని తినేవాడట. అప్పటికిగానీ ఆమె నాతో ఏం చెప్పిందో నా చెవికి చేరలేదు. స్తంభానికి కట్టిన గొట్టం దగ్గరికి వెళ్ళి ఆ తీగ విప్పబోయాను. అది నాకు ఊడి రాలేదు. ఆపరేటర్ వచ్చి కటింగ్ ప్లయర్‌తో తెంపాడు.

ఆమె కోలుకుంది. డాక్టర్లు ఉబ్బసం అన్నారు, ఇన్‌హేలర్ ఇచ్చారు, ఆ జిగురు ఉన్న చోటికి ఇక జీవితంలో వెళ్ళకూడదన్నారు. పనివల్ల వచ్చిన జబ్బని తేలితే కంపెనీ ఇన్సూరెన్స్ వైద్యం ఖర్చూ, పోయిన జీతంలో కొంతా భరిస్తుంది. తేలకపోతే ఆమె పనీ ఊపిరీ రెండూ పోయి ఇంట్లో కూర్చోవాలి. అది తేల్చడానికి ఒక మీటింగ్ పెట్టారు. టేబుల్‌కి అటువైపు ప్లాంట్ మేనేజర్, హెచ్.ఆర్. ఆవిడ. ఇటువైపు ఆమె. ఆమె మాటలు ఇంగ్లీషులో చెప్పడానికి ఎవరినో బయటి మనిషిని పిలవాల్సింది పోయి, మన ప్లాంట్‌లోనే ఉన్నాడుగా అని నన్ను కూర్చోబెట్టారు. నేనూ వద్దనలేదు. వద్దంటే ఎందుకని అడుగుతారు.

హెచ్.ఆర్. ఆవిడ మర్యాదస్తురాలు. మెల్లగా అడుగుతూ వచ్చింది. పడిపోయిన రోజుకంటే ముందు ఈ ఇబ్బంది గురించి సూపర్‌వైజర్లలో ఎవరికైనా చెప్పారా అని అడిగింది. నేను దాన్ని తెలుగులో చెప్పాను. ఆమె నా మొహం వైపు చూసింది.

“ఏం చెప్పమంటారు బ్రదర్?”

అందులో కోపం లేదు, దెప్పిపొడుపూ లేదు. నిజంగానే అడిగింది. నాకు రిటైర్మెంట్ దగ్గరపడిందని ఆమెకు తెలుసు. పని ఇప్పించినవాణ్ణి ఇరికించడం ఇష్టం లేదు. చెబితే ఒకటి, చెప్పకపోతే ఒకటి, మీరే తేల్చండి అని తన బతుకు తెచ్చి నా చేతిలో పెట్టింది.

ఏమంది అని అడిగింది హెచ్.ఆర్. ఆవిడ.

“షి ఈజ్ నాట్ షూర్” అన్నాను.

అన్నాను. దాన్ని ఇంకెలా రాసినా అబద్ధమే అవుతుంది. ఆ నాలుగు ముక్కల ఇంగ్లీషు ఆమెకు అర్థమైంది. చేతిలోని ఇన్‌హేలర్‌ని టేబుల్ మీద పెట్టి కిటికీ వైపు తిరిగింది. హెచ్.ఆర్. ఆవిడ రాసుకుని తరవాతి ప్రశ్నకు వెళ్ళింది. చిన్నప్పుడు ఉబ్బసం ఉండేదా? లేదు. ఇంట్లో పొగ ఎక్కువగా ఉంటుందా, మీ వంటల్లో నూనె, మిరపకాయలు బాగా వేయిస్తారు కదా? ఈ ప్రశ్న నేను తెలుగులోకి మార్చగానే ఆమెకు నవ్వొచ్చింది. తాలింపు వల్లా బ్రదర్, అంటూ నవ్వబోయింది. నవ్వు దగ్గయింది. దగ్గు ఆగలేదు. ఆ దగ్గును ఎవరూ నన్ను ఇంగ్లీషులో చెప్పమని అడగలేదు.

ఆమె ఇన్‌హేలర్ పీల్చుకుని తేరుకున్నాక, ఇందాకటి జవాబు దిద్దుకోవాలని చెప్పాను. ఆమె చెప్పింది, నాకే చెప్పింది, ఒకసారి కాదు, నేను వేరేగా విన్నాను అన్నాను. అసలు ఆమె ఏమందో అదే మాట చెప్పండి అని అడిగారు. ‘పడటం’ అంటే ఏమిటో ఇంగ్లీషులో చెప్పడం అంత తేలిక కాదు. కింద పడటం కూడా పడటమే అని మొదలుపెట్టాను. అయితే తాను పడిపోతున్నానని ముందే చెప్పిందా అని హెచ్.ఆర్. ఆవిడ కంగారుపడింది. కాదు కాదని, ఒంటికి పడకపోవడం, మనుషులకు పడకపోవడం, రెంటికీ మాకు ఒకటే మాట అని చెప్పుకుంటూ వచ్చాను. బ్రేక్ రూమ్‌లో ఇద్దరి చేతులూ కలిపించిన సంగతి కూడా చెప్పాను.

“అంటే, ఆమె ఊపిరి ఆడటం లేదంటే నువ్వు షేక్ హ్యాండ్ ఇప్పించావు” అన్నాడు ప్లాంట్ మేనేజర్.

అవునన్నాను. గొట్టం పక్కకు కట్టించింది కూడా నేనేనని చెప్పాను. అడగకుండానే చెప్పినందుకు నన్ను మెచ్చుకోకండి. అడిగినప్పుడు చెప్పనివాణ్ణి.

క్లెయిమ్ ఒప్పుకున్నారు. నన్ను సూపర్‌వైజర్ పదవి నుంచి తప్పించి, రిటైరయ్యేదాకా క్వాలిటీ ల్యాబ్‌లో ప్యాకెట్ల అంచులు చూసుకోమన్నారు. న్యాయమే. లైన్ దగ్గర కొత్త గొట్టం పెట్టారు. అది పక్కకు జరిగితే మెషిన్ తిరగదు. పనివాళ్ళకు ఊపిరి పరీక్షలు మొదలుపెట్టారు. ఇవన్నీ ముందే ఉండాల్సినవి. మీ ప్లాంట్‌లో ఉన్నాయో లేదో రేపే చూడండి. గ్లవ్స్ జిగురు అంటగానే మారుస్తున్నారా, రోలర్లు తుడిచేవాళ్ళకు ఏ మాస్క్ ఇస్తున్నారు, మీ ముక్కును నమ్ముతున్నారా, గాలిని కొలిచే మీటర్‌ని నమ్ముతున్నారా చూడండి. అంతకంటే ముందు, మీ దగ్గరికి వచ్చి చిన్న మాటతో నిలబడిన మనిషిని ఇంకో ప్రశ్న అడగండి.

చర్చిలో ఆమె ఇప్పుడు క్వయర్‌లో నిలబడదు. వెనక వరసలో కూర్చుని పెదాలు కదుపుతుంది. ఎవరింట్లోనైనా కొత్తగా ఫ్లోర్‌కి పాలిష్ వేశారంటే, అందులోనూ ఆ రసాయనం ఉండొచ్చని ఆ గడప తొక్కదు. నేను ఆమె ఇంటికి వెళ్ళి, ఆమె భర్త ముందు క్షమించమని అడిగాను. ఆమె టీ ఇచ్చింది.

కొన్నాళ్ళకు ఊపిరితిత్తుల పరీక్షకు వెళ్ళాల్సి వచ్చింది. భర్తకు షిఫ్టు ఉండటంతో క్లినిక్‌లో దించమని నన్నడిగింది. క్లినిక్‌లో కార్ పార్క్ చేసి, డాక్టర్‌తో మాట్లాడటానికి లోపలికి రానా సిస్టర్ అని అడిగాను. సీట్ బెల్ట్ తీస్తూ అంది.

“మిమ్మల్ని క్షమించాను బ్రదర్, ప్రార్థనలో కూడా తలచుకుంటాను. కానీ నా మాట ఇక నేనే చెప్పుకుంటాను.”

నేను బయట కుర్చీలో కూర్చున్నాను. గది తలుపు పూర్తిగా మూసుకోలేదు. మెల్లగా, ఒక్కొక్క మాటా ఏరుకుంటూ ఆమె ఇంగ్లీషు వినబడింది. ఫ్యాక్టరీ అంది. గ్లూ అంది. హాట్ గ్లూ, నో స్మెల్ అంది. డాక్టర్ ఏదో అడిగాడు. ఐ టోల్డ్, అంది ఆమె. ఐ టోల్డ్ టూ టైమ్స్. హీ హియర్ రాంగ్. ఎవరు, అని అడిగాడు డాక్టర్. మై సూపర్‌వైజర్, అంది. హీ ఈజ్ అవుట్‌సైడ్, హీ ఈజ్ మై రైడ్, అంది.

డాక్టర్ తలుపు తీసి నా వైపు చూశాడు. నేను లేచి నిలబడ్డాను.